ఎడ్విన్ ఆడినన్ని రోజులు

శుక్రవారం సాయంత్రాలు మా బడి గ్రౌండులో గడ్డి కోస్తారు. జగిత్యాలలో ఆడపిల్లల హాస్టలు బడి మాది. నేనక్కడ ఇంగ్లీషు చెబుతాను. మిషను చప్పుడు ఆగగానే కిటికీలోంచి పచ్చి గడ్డి వాసన, దాని వెనకాలే కాస్త పెట్రోలు వాసన స్టాఫ్ రూములోకి వస్తాయి. తోటి టీచర్లకు తుమ్ములు మొదలవుతాయి. నాకు మాత్రం సిరిసిల్లలో ఒక సాంచెల షెడ్డు గుర్తుకొస్తుంది. సాంచె అంటే మా వైపు మరమగ్గం. గడ్డికీ మరమగ్గానికీ సంబంధమేమిటని మీరు అడగవచ్చు. సిరిసిల్లలో కూడా అందరూ అదే అడిగేవారు. ఆ సంబంధం పేరు రాజేశం కాక.

ఆయన మాకు చుట్టం కాదు. తంగళ్ళపల్లిలో మా నాన్నతో కలిసి చిన్నప్పుడు మగ్గం గుంటలో కూర్చున్నాడు, నాన్నను అన్నా అనేవాడు, అందుకని నాకు కాక. చూడనివాళ్లకు ఆయన్ను చూపించాలంటే ముందు టోపీ చూపించాలి. కింద లుంగీ, పైన పొడుగు చేతుల చొక్కా, దానిపైన ముందుకు పొడుచుకొచ్చిన తెల్ల టోపీ. దుబాయిలో ఒక గోల్ఫు మైదానంలో చాలా ఏళ్లు గడ్డి కోసి తెచ్చుకున్న టోపీ అది. మన దగ్గరి నుంచి దుబాయి పోయినవాళ్లు తిరిగొచ్చేటప్పుడు బంగారమో, టీవీనో, ఏదీ లేకపోతే సెంటు సీసానో తెస్తారు. ఈయన ఒక తెల్ల బంతి, ఆ టోపీ, ఒక ఇంగ్లీషు మనిషి మీద బెంగ తెచ్చుకున్నాడు. మిగిలిన కష్టార్జితంతో పాత సాంచెలు ఎనిమిది కొని షెడ్డు పెట్టాడు.

షెడ్డు ముందు జాగాలో సిరిసిల్లలో ఎవరైనా స్కూటర్లు పెట్టుకుంటారు, నూలు బస్తాలు దించుకుంటారు. ఈయన జగిత్యాల నర్సరీ నుంచి గడ్డి తెచ్చి పరిచాడు. రెండు చాపలంత పచ్చిక. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. ఆ గడ్డి మీద చెప్పులతో అడుగు వేయకూడదు, ఉమ్మకూడదు, మేకను చూడనివ్వకూడదు. బట్ట అంచులు కత్తిరించే కత్తెరతోనే పొద్దున, సాయంత్రం మోకాళ్ల మీద కూర్చుని దాన్ని కత్తిరించేవాడు. మధ్యలో ఒక స్టీలు గ్లాసు అంచుదాకా భూమిలో పాతి ఉండేది. బంతి పడవలసిన గుంట అదే. సాంచెలో నూలు మోసే నాడెను అటూ ఇటూ కొట్టే కట్టె ఒకటి విరిగితే దాన్ని చెక్కించి ఆట కర్ర చేసుకున్నాడు. కరెంటు పోయినప్పుడల్లా షెడ్డంతా బయటికి వచ్చి ఆ గ్లాసులోకి ఒక రబ్బరు బంతిని కొట్టేది. పక్క షెడ్లవాళ్లు ఆయన్ను గడ్డి రాజేశం అనేవారు. ఆయన దాన్ని బిరుదు అనుకున్నాడు.

నేను డిగ్రీలో ఇంగ్లీషు పేపరు తప్పి, చదువుకు దండం పెట్టి, నూలు కండెలు చుట్టే పని అడగడానికి ఆ షెడ్డుకు వెళ్లాను. సాంచెల చప్పుడుకు అందరూ అరిచే మాట్లాడతారు. నా కష్టం నేను అరిచాను.

"ఇంగ్లీష్ చదువుడొస్తదా?" అని కాక తిరిగి అరిచాడు.

"ఇంగ్లీషులనే ఫెయిలైన కాకా!"

"ఫెయిలైతేంది, కొంచెమన్న అస్తది గదా. మాకు కొంచెమే కావాలె."

నాకా మాట అర్థం కాలేదు. ఆయన తన ఫోను నా చేతిలో పెట్టాడు. అందులో ఇంగ్లీషు పేర్ల పట్టిక పైనుంచి కిందికి చేంతాడంత ఉంది. "పైకెల్లి సూడకు. కిందికెల్లి సూడు, జల్ది దొరుకుతడు. ఎడ్విన్ అని ఉంటది" అన్నాడు. నిజంగానే కిందినుంచి చూస్తే తొందరగా దొరికాడు. అలా నాకు కండెలు చుట్టే పనితో పాటు ఎడ్విన్‌ను చదివే పని కూడా దొరికింది.

ఎడ్విన్ ఇంగ్లాండులో సముద్రం ఒడ్డున ఒక చిన్న ఊరివాడు. తండ్రి బస్సు డ్రైవరు. మీసాలు రాకముందే ఆటనే బతుకుదెరువుగా పెట్టుకున్నాడు. కుర్రతనంలో ఒక పెద్ద పోటీలో చివరి గుంట దాకా అందరికంటే ముందుండి, ఆ చివరి గుంట దగ్గర బంతిని నీళ్లలో కొట్టుకున్నాడు. అంతే, ఆ తర్వాత ఎన్నడూ గెలిచే దరిదాపులకు రాలేదు. నడుము నొప్పి వచ్చింది, తగ్గింది, మళ్లీ వచ్చింది. కింద పడ్డాడు, చచ్చీ చెడీ పైకి వచ్చాడు, మళ్లీ పడ్డాడు. ఈ కథ కాక మాకు ఎన్నిసార్లు చెప్పినా, నీళ్ల దగ్గరికి వచ్చేసరికి ఆయన టోపీ తీసి చేతిలో పట్టుకునేవాడు. కండెలు చుట్టే లచ్చవ్వ, షెడ్డులో అందరికంటే పెద్దది, ప్రతిసారీ అదే మాట అనేది: "ఆడుకునే జాగల ఆ చెర్వు ఎవడు తవ్వమన్నడు తమ్మీ?"

ఇంతకీ ఆ ఎడ్విన్ ఈయనకు ఎలా కావలసినవాడయ్యాడు? అది కాక సిగ్గుపడుతూ చెప్పిన కథ. దుబాయిలో పెద్ద పోటీ జరుగుతోంది. కాక ఒక మూల ఆకులు ఊడుస్తున్నాడు. ఎక్కడి నుంచో బంతి ఒకటి ఎగిరొచ్చి చెట్టు వేళ్ల మధ్య ఇరుక్కుంది. దూరంగా ఒక తెల్లమనిషి ఎండలో చెమటలు కక్కుతూ నడిచి వస్తున్నాడు. చుట్టుపక్కల ఎవరూ లేరు. మన ఇంటికి వచ్చినవాడు గుంతలో కాలు పెడుతుంటే చూస్తూ ఊరుకుంటామా? కాక చెయ్యి పెట్టి బంతిని తీసి, లుంగీ లేదు కాబట్టి చొక్కాకు తుడిచి, మెత్తని గడ్డి మీద పెట్టి, పెళ్లిలో వియ్యంకుడి ముందు నిలబడ్డట్టు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"గాయన అచ్చి బంతిని సూసిండు, నన్ను సూసిండు, నవ్విండు. ఆడ ఉండె గదా అని వేళ్ల దిక్కు సైగ జేసిండు. నేను తలకాయ ఊపిన. తీస్కపోయి మళ్ల ఆ వేళ్లల్లనే పెట్టుకున్నడు బిడ్డా! ఆడికెల్లి ఎల్లదీసెటాల్లకు రెండు దెబ్బలు దండుగైనయి. గా దినం ఒక్క దెబ్బ తేడాతోని ఆయనను పోటీలకెల్లి ఎల్లగొట్టిండ్రు."

"ఎవ్వలు సూస్తలేరంటివి గదా కాకా, మరి ఎందుకు పెట్టుకున్నడు?"

"గదే నేను గూడ అడిగిన, నాకచ్చిన ఇంగ్లీషుల. బంతి యాడ వడ్డదో ఆడికెల్లే కొట్టాలెనట. చేత్తోని జరుపుడు లేదట. పొద్దుమీకి నన్ను దేవులాడుకుంట అచ్చి, సాయం జేసినవని ఆ బంతి నాకే ఇచ్చిండు. సాయమా అది? సిగ్గుతోని సచ్చిపోయిన."

ఆ బంతి కాక ఇంట్లో దేవుని గూట్లో ఉండేది. దసరాకు సాంచెలకు బొట్లు పెట్టేటప్పుడు చిన్నమ్మ, అంటే కాక భార్య, దానికీ పసుపు కుంకుమ పెట్టేది. ఆ పోటీ తర్వాత ఎడ్విన్ ఏ దేశంలో ఆడినా కాక కన్ను వేసి ఉంచాడు. ఎడ్విన్‌కు ఈయన గుర్తున్నాడో లేడో తెలియదు. కాక ఆ సంగతి ఎన్నడూ పట్టించుకోలేదు.

నేను చేరాక శుక్రవారాలకు ఒక పద్ధతి వచ్చింది. గోల్ఫు పోటీ నాలుగు రోజులు జరుగుతుంది. రెండు రోజులయ్యాక, అంటే శుక్రవారం, వెనకబడినవాళ్లను ఇంటికి పంపేస్తారు. దాన్ని కట్ అంటారు. శుక్రవారం సాయంత్రం కాక సాంచెలన్నీ ఆపించేవాడు. నేను పచ్చిక పక్కన నిలబడి ఫోను చూసి ప్రకటించేదాన్ని. ఎక్కువసార్లు "కట్ దాటలె" అనే చెప్పవలసి వచ్చేది. అందరూ చావు కబురు విన్నట్టు ఒక క్షణం నిలబడి లోపలికి పోయేవారు. ఎప్పుడైనా దాటాడంటే చాయ్‌లు వచ్చేవి, మిర్చిబజ్జీలు వచ్చేవి.

లచ్చవ్వకు ఆట మీద ఒకే ఒక్క అభ్యంతరం ఉండేది. తక్కువ దెబ్బలు కొట్టినవాడు గెలవడమనేది ఆమెకు చివరిదాకా మింగుడు పడలేదు. "మన సాంచె ఎంతెక్కువ కొడ్తె గంత బట్ట. గంత కూలి. గీ ఆటేందో, తక్కువ కొట్టినోడు సిపాయంట! గట్లయితే ఇంట్ల పండుకున్నోడే అందరికన్న గెలుస్తడు గదా" అనేది. కాక ఓపికగా చెప్పేవాడు. ఆమె ఓపికగా వినేది. మరుసటి శుక్రవారం మళ్లీ మొదటికి వచ్చేది.

నవ్వులాటగా చెబుతున్నాను గానీ, ఆ శుక్రవారాలు మాకు నవ్వులాట కాదు. ఎందుకో చెప్పాలంటే లక్ష్మీరాజం మామను పిలవాలి. ఆయన కాకకు బామ్మర్ది. కోరుట్లలో స్టీలు సామాన్ల దుకాణం. మా గుంటలోని గ్లాసు ఆయన దుకాణానిదే. అప్పుడు సిరిసిల్లలో షెడ్లు ఒక్కొక్కటే మూతపడుతున్నాయి, సాంచెలను పాత ఇనుము కింద అమ్మేస్తున్నారు. లక్ష్మీరాజం మామ నెలనెలా వచ్చి, "బావా, గీ పాత ఇనుము అమ్మి కోరుట్లకు రా. దుకాణంల కూసో, చల్లగ ఫ్యాను కింద" అనేవాడు. చెల్లెలి మీది ప్రేమతోనే అనేవాడు, అది మాకూ తెలుసు. ఒకరోజు మరీ నిలదీసేసరికి కాకకు రోషం వచ్చింది.

"ఎడ్విన్ ఆడినన్ని రోజులు నా సాంచెలు ఆడుతయి. గాయన బందు వెట్టిన్నాడు నేను బందు వెడ్త. పో!"

"మాటంటే మాటేనా?"

"మాటే."

కాక మాట తప్పే మనిషి కాదని సిరిసిల్ల అంతటికీ తెలుసు. ఆ క్షణం నుంచి షెడ్డులో పనిచేసే మా అందరి కూడు, సముద్రం అవతల నడుము నొప్పితో ఉన్న ఒక నడివయసు మనిషి చేతి కర్రకు వేలాడింది. సాంచెలు నడిపే నలుగురూ చల్లబడిపోయారు. "గింతమంది ఆటగాళ్లుండంగ, గెలిసేటోణ్ణి జూసి మాటియ్యరాదా తమ్మీ?" అని లచ్చవ్వ నెత్తి కొట్టుకుంది.

ఎడ్విన్ స్కోర్లు చదవడం కోసం నేను ఇంగ్లీషు నేర్చుకున్నాను. ముందు అంకెలు, తర్వాత వార్తలు, తర్వాత ఎడ్విన్ నడుము గురించి డాక్టర్లు చెప్పిన మాటలు. ఒకనాడు కాక హఠాత్తుగా, "నీ తప్పిన పేపరు ఎప్పుడు రాస్తున్నవ్?" అన్నాడు. నాకు కోపం వచ్చింది. నా ఈడు వాళ్లంతా డిగ్రీ అయిపోయి ముందుకు పోయారు, ఇప్పుడు పోయి జూనియర్ల పక్కన కూర్చోవాలా అన్నాను. మొదట్లోనే బుద్ధిగా చదివి ఉంటే, మా నాన్న నన్ను టౌనులో చదివించి ఉంటే అంటూ చాలా 'ఉంటే'లు చెప్పాను.

"బంతి యాడ వడ్డది?" అన్నాడాయన.

"ఆఁ?"

"ఇంగ్లీషు పేపర్ల వడ్డది. ఆడికెల్లే కొట్టు. మంచి గడ్డి మీద వెట్టి కొడ్త అంటె ఎట్ల?"

రాశాను. పాసయ్యాను. వ్యాసం ప్రశ్నకు నాకిష్టమైన ఆటగాడు అని ఎడ్విన్ మీద రాశాను. దిద్దినవారు ఏమనుకున్నారో గానీ మార్కులు మాత్రం వేశారు.

ఏటా చివర్లో, వెనకబడిన ఆటగాళ్లకు పరీక్షలాంటి పోటీ ఒకటుంటుంది. అందులో గట్టెక్కితేనే వచ్చే ఏడు పెద్ద పోటీల్లో ఆడనిస్తారు. ఆ ఏడు ఎడ్విన్ ఆ పరీక్షకు వచ్చాడు. వయసు యాభైకి దగ్గర పడింది. ఇది తప్పితే పనైపోయినట్టేనని వార్తలు రాశాయి. లచ్చవ్వ ఇక మనుషులతో కాదని, వేములవాడ రాజన్నకు కోడె మొక్కు మొక్కింది. మా వైపు ఏ కష్టమొచ్చినా అంతే, కోడెను పట్టుకుని గుడి చుట్టూ తిరిగి కట్టేసి వస్తాం. తోడు నేను వెళ్లాను.

సోమవారం, జనం జనం మీద ఉన్నారు. కోడె లచ్చవ్వను ఈడుస్తోందో లచ్చవ్వ కోడెను ఈడుస్తోందో తెలియకుండా ఒక చుట్టు తిరిగి కట్టేసే చోటికి వచ్చాం. పంతులు పేరు అడిగాడు.

"ఎడ్విను" అంది లచ్చవ్వ.

పంతులు తలెత్తి చూసి, "గోత్రం?" అన్నాడు.

"మా గోత్రమే అనుండ్రి అయ్యా. మా షెడ్డు మనిషే."

"ఏం పని జేస్తడు?"

"బంతి కొడ్తడు."

"క్రికెట్టా?"

వెనక పెద్ద వరస ఉంది. తక్కువ కొట్టడం గురించి పంతులుకు చెప్పే టైము లేదు. "గసొంటిదే" అని లచ్చవ్వ రెండు చేతులూ ఎత్తి, సాంచెల మధ్య అరిచే గొంతుతో మొక్కింది: "రాజన్నా! మా ఎడ్విను అందరికన్న ఎక్కువ కొట్టాలె! ఇప్పటిదాంక ఎవ్వలు కొట్టనన్ని కొట్టాలె!"

పంతులు తథాస్తు అన్నాడు. నేనూ కళ్లు మూసుకుని దండం పెట్టాను. తిరుగు బస్సులో ప్రసాదం తింటూ తింటూ, సిరిసిల్ల ఇంకాస్త దూరంలో ఉందనగా, లచ్చవ్వ నోట్లో ముద్ద అలాగే ఆగిపోయింది.

"పిల్లా, నేనేమని మొక్కిన?"

"ఎక్కువ కొట్టాలెనని మొక్కితివి" అన్నాను.

"ఓ రాజన్నా!" అంది. బస్సులో అందరూ తిరిగి చూశారు.

ఆ వారం ఎడ్విన్ ఒక్కరోజులో ఎనభై నాలుగు కొట్టాడు. అన్నేళ్ల ఆటలో అన్ని దెబ్బలు ఆయన ఎన్నడూ కొట్టలేదు. పరీక్ష తప్పాడు. నేను పచ్చిక పక్కన ఆ అంకె చదివాక షెడ్డులో ఎవరూ ఎవరి ముఖం చూడలేదు. లచ్చవ్వ ఒక్కతే గట్టిగా అంది: "రాజన్నను ఏమనకుండ్రి. ఆయన తప్పేం లేదు. నేనడిగిందే ఇచ్చిండు." కాక ఆమె పక్కన కూర్చుని, "లచ్చక్కా, ఎంతమంది దేవుళ్లు ఇంత జల్ది ఇంటరు చెప్పు" అన్నాడు. ఆమె ఏడుస్తూనే నవ్వింది.

కబురు కోరుట్లకు చేరింది. లక్ష్మీరాజం మామ పాత ఇనుము కొనే ఆయన్ను, ఒక లారీని వెంటబెట్టుకుని వచ్చాడు. వాళ్లను చూసి సాంచెలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. శుక్రవారం కాని రోజు, కరెంటు ఉండగా ఆ షెడ్డు అంత నిశ్శబ్దంగా ఉండటం నేనెప్పుడూ చూడలేదు. ఇనుపాయన సాంచెల మధ్య తిరుగుతూ కళ్లతోనే తూకం వేస్తున్నాడు. కాక పచ్చిక మీది నుంచి కత్తెరతో లేచి వచ్చాడు.

"ఏంది బామ్మర్ది, లారీ దెచ్చినవ్?"

"మాటంటే మాటే బావా. గాయన దుకాణం బందైంది."

"ఎవలన్నరు? ఎడ్వినుకు వచ్చే నెల యాభై నిండుతయి."

"నిండితే?"

"యాభై నిండినోళ్లకు వేరే పోటీలు షురువైతయి. నువ్వు సదువు బిడ్డా."

నేను చదివాను. ఒక్క మాట కలపకుండా, ఉన్నదే చదివాను. యాభై దాటిన ఆటగాళ్లకు విడిగా పోటీలున్నాయి, దేశదేశాల్లో జరుగుతాయి, వాటిలో ఆడతానని ఎడ్విన్ అప్పుడే చెప్పాడు కూడా. లక్ష్మీరాజం మామ నోరు తెరిచాడు. "యాభై నిండితే పింఛను కోసం చూస్తరు గాని, పోటీలు వెడ్తరా?"

"అండ్ల కట్ గూడ లేదు మామా. దినాలన్ని ఆడనిస్తరు" అన్నాను.

"మంచిగైంది. ముసలోళ్లను నడుమల ఎల్లగొడ్తె పాపం తాకుతది" అంది లచ్చవ్వ.

ఇనుపాయన ఇదంతా శ్రద్ధగా విని, "మరి అరవై నిండినోళ్లకు?" అని అడిగాడు. "దానికి ఇంక టైమున్నది, నువ్వు ఛాయ తాగు" అన్నాడు కాక. వచ్చిన లారీని ఖాళీగా పంపడం మంచిది కాదని చిన్నమ్మ ఇంట్లోని పాత కూలరు ఎక్కించింది. లారీ సందు మలుపు తిరగకముందే సాంచెలు మొదలయ్యాయి. లక్ష్మీరాజం మామ ఆ చప్పుడులో ఏదో అంటూనే ఉన్నాడు, ఎవరికీ వినబడలేదు.

తర్వాత నేను బీఈడీ చేశాను, ఉద్యోగం వచ్చింది, జగిత్యాల వచ్చేశాను. ఇంటర్వ్యూలో ఏదైనా విషయం మీద ఇంగ్లీషులో మాట్లాడమన్నారు. ఎడ్విన్ నడుము నొప్పి మీద మాట్లాడాను. కొత్త ఉద్యోగం, పిల్లలు, పరీక్షలు, ఆ హడావుడిలో స్కోర్లు చూడటం తప్పిపోయింది. ఫోను చేసినప్పుడు కాకే చెప్పేవాడు, ఎడ్విన్ ముసలోళ్ల ఆటలో మంచిగ ఆడుతున్నాడని.

ఒక శుక్రవారం చెప్పకుండా సిరిసిల్ల వెళ్లాను. సరిగ్గా ప్రకటన వేళకు చేరాను. సాంచెలు ఆగాయి, అందరూ బయటికి వచ్చారు. నా స్థానంలో కాకే నిలబడ్డాడు, ఫోను చేతిలో ఉంది గానీ దానివైపు చూడటం లేదు. "అరవై ఎనిమిది. నాలుగో స్థానం" అన్నాడు. చప్పట్లు కొట్టి అందరూ లోపలికి వెళ్లారు. పాత అలవాటుకొద్దీ నేను నా ఫోను తీసి చూశాను. పట్టిక కిందినుంచి చూశాను, పైనుంచి చూశాను. ఎడ్విన్ లేడు. వెతగ్గా వెతగ్గా ఒక చిన్న వార్త దొరికింది. నడుము ఇక సహకరించదని ఎడ్విన్ ఆట మానేశాడు, సొంత ఊళ్లో పిల్లలకు నేర్పుతున్నాడు. ఆ వార్త వచ్చి అప్పటికే చాలా కాలమైంది.

కాక కత్తెరతో గడ్డి దగ్గర కూర్చున్నాడు. నేను పక్కన కూర్చుని ఫోను చూపించాను. ఆయన చూడలేదు.

"ఎప్పటికెల్లి ఎర్క కాకా నీకు?"

"ఆయన బందు వెట్టిన్నాడే. దుబాయిల ఉన్న దోస్తు ఒకడు ఫోను జేసి చెప్పిండు."

"మరి నీ మాట?"

ఆయన కత్తెర గడ్డి మీద పెట్టాడు.

"చేత్తోని జరుపుడు లేదంటివి గదా?" అన్నాను. ఎగతాళికి అనలేదు. నిజంగా అడిగాను.

"లేదు" అన్నాడు. "గాని బిడ్డా, బంతి మరీ అన్యాలమైన జాగల వడ్డది. నేను గిప్పుడు బందు వెడ్తె లచ్చక్క యాడికి వోతది? ఆ నలుగురు యాడికి వోతరు?" టోపీ సర్దుకుని, "ఎవ్వలకు చెప్పకు. వాళ్లకు ఎర్కైతె మంచిగుండదు" అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. "గింత అబద్ధమాడినోనివి, ఒక్కసారన్న గెలిపియ్యకపోతివి కాకా? నీ చేతులదే గదా?"

ఆయన నన్ను తప్పు మాట అన్నట్టు చూశాడు. "గెలుసుడు గట్ల కాదు బిడ్డా. గది ఆయనే గెలవాలె. నేనెట్లిస్త?"

వెళ్లేముందు లోపల లచ్చవ్వ దగ్గరికి వెళ్లాను. ఆమె కండె చుడుతూనే, నా ముఖం చూడకుండా, "ఎడ్విను ఈ నడుమ మస్తు ఆడుతుండు గదా పిల్లా?" అంది.

"అవు పెద్దమ్మా" అన్నాను.

"జిందగీల గింత మంచిగ ఎన్నడాడిండే వాడు? అందుకే మాకు ఎర్కైంది."

నేను నిలబడిపోయాను. "మీకందరికి ఎర్కేనా? మరి ఆయనకు జెప్పకపోతిరి?"

"పెద్దమనిషి, పాపం, వారమంత సోంచాయించి ఒక అంకె జెప్తడు. ఎందుకు మనసిరగ్గొట్టాలె? సప్పట్లు గొడ్తున్నం."

జగిత్యాల బస్సులో కిటికీ పక్కన కూర్చుని నేను నవ్వుతూ ఏడ్చాను. ఆ మనిషి జీవితంలో ఆట నియమం రెండే రెండుసార్లు తప్పాడు. రెండుసార్లూ ఎవరికో కష్టంగా ఉందని చెయ్యి పెట్టి బంతిని మెత్తని గడ్డి మీద పెట్టాడు. మొదటిసారి ఎడ్విన్ తీసి మళ్లీ వేళ్లలో పెట్టుకున్నాడు. రెండోసారి తీసి పెట్టడానికి మాలో ఎవరికీ మనసు రాలేదు.

పోయిన ఎండాకాలం కాక పోయాడు. మధ్యాహ్నం గడ్డికి నీళ్లు పెట్టి వచ్చి పడుకున్నాడు, లేవలేదు. దినం నాటికి పచ్చిక ఎండి గోధుమరంగుకు తిరిగింది. భోజనాలయ్యాక లక్ష్మీరాజం మామ దాని పక్కన కుర్చీ వేసుకుని చాలాసేపు ఆ గ్లాసునే చూస్తూ కూర్చున్నాడు. సాంచెలు ఆగి ఉన్నాయి. చిన్నమ్మ తన అన్న మాట దాటదు. ఇక ఆ షెడ్డు సంగతి ఆయన నోట్లోంచి రావలసిందే. నడిపే నలుగురూ గోడవారగా నిలబడ్డారు. మామ గొంతు సవరించుకున్నాడు.

"ఎడ్విను ఇంక ఆడుతుండా?"

ఆయన ఫోను నా ఫోను కంటే పెద్దది. కోరుట్లలో ఆయన పొద్దంతా దాంట్లోనే ఉంటాడు. ఆ చిన్న వార్త ఆయనకు దొరకనిదేం కాదు. లచ్చవ్వే ముందుకొచ్చి, "ఆడుతుండు" అంది.

మామ నావైపు తిరిగాడు. "నిజమేనా టీచరమ్మా? నువ్వు ఇంగ్లీష్ సదివినదానివి."

"ఆడుతుండు మామా. పోయిన వారం ఆరో స్థానం."

మామ మెడలోని తువ్వాలతో ముఖమంతా తుడుచుకున్నాడు. కళ్లు మాత్రం రెండుసార్లు తుడుచుకున్నాడు. "అయితే నడువనియ్యిండ్రి. బావ మాట బావ మాటే" అని లేచి, చెప్పులు విడిచి, పచ్చిక మీదుగా నడిచి వెళ్లి కుండలోని నీళ్లు తెచ్చి గడ్డి మీద పోశాడు.

ఇప్పుడు మా గ్రౌండులో గడ్డి మిషను ఆగింది. వాసన వస్తోంది, పక్కన సైన్సు టీచరు తుమ్ముతోంది. ఫోను మోగుతోంది. శుక్రవారం ఈ వేళకు మోగకపోతేనే ఆశ్చర్యం.

"ఏమాయె పిల్లా?" లచ్చవ్వ గొంతు.

వారమంతా ఆలోచించి పెట్టుకున్న అంకె చెప్పాను. "డెబ్బై, పెద్దమ్మా. తొమ్మిదో స్థానం."

"జర ఎనుకకు వోయిండు గదనే."

"నడుము నొస్తుందట."

"ఎన్నడన్న గెలుస్తడంటవా?"

"గెలుసుడు మన చేతుల లేదు పెద్దమ్మా. గది ఆయనే గెలవాలె."

"ఆఁ? ఏందే? గట్టిగ జెప్పు, ఇనొస్తలేదు. సాంచెలు నడుస్తున్నయి."